బోల్టు అతుకులు (ఉక్కు నిర్మాణం)

ఉక్కు కట్టడాలలో దూలాలు, స్తంభాలు, ట్రస్సు కడ్డీలు వంటి విడి భాగాలను బోల్టులు, నట్టులు, వాషర్లతో కలిపే ఏర్పాటును బోల్టు అతుకు అంటారు. ఒక భాగంలో ఉన్న బలాన్ని మరొక భాగానికి సురక్షితంగా అందించడమే అతుకు చేయవలసిన పని. వంతెనలు, కర్మాగారాల షెడ్లు, బహుళ అంతస్తుల భవనాలు, పొలాల మీదుగా సాగే విద్యుత్తు టవర్లు మొదలైన వాటిలో ఈ అతుకులు కనిపిస్తాయి.

సాధారణంగా కర్మాగారంలో చేసే అతుకులకు వెల్డింగును, నిర్మాణ స్థలంలో చేసే అతుకులకు బోల్టులను వాడతారు. ఎత్తులో, గాలిలో, వానలో మంచి వెల్డింగు చేయడం, దానిని పరీక్షించడం కష్టం. బోల్టును పానాతో బిగించవచ్చు, బయటినుండి చూసి తనిఖీ చేయవచ్చు, అవసరమైతే విప్పవచ్చు.

ఒక కట్టడం బలం దాని అతుకుల బలాన్ని మించదు. దూలం ఎంత దృఢమైనదైనా దాని కొనలోని బోల్టులు తెగితే దూలం పడిపోతుంది. అంతేగాక దూలం సాధారణంగా ముందు వంగి, హెచ్చరించి, తరువాత విఫలమవుతుంది. అతుకు మాత్రం ఎక్కువ హెచ్చరిక లేకుండానే తెగిపోవచ్చు. అందువలన అతుకుల డిజైనులో భద్రతా గుణకాన్ని మిగిలిన భాగాలకంటే ఎక్కువగా తీసుకుంటారు.

చరిత్ర

పందొమ్మిదవ శతాబ్దంలోను, ఇరవయ్యవ శతాబ్దం మధ్య వరకు ఉక్కు కట్టడాలను ఎక్కువగా రివెట్లతో కలిపేవారు. ఎర్రగా కాల్చిన రివెట్టును రంధ్రంలో దూర్చి, రెండవ కొనను సుత్తితో కొట్టి తలగా మలిచేవారు. రివెట్టు చల్లారుతూ కుదించుకొని పలకలను దగ్గరకు నొక్కేది. రాజమండ్రి వద్ద గోదావరిపై 1900లో ప్రారంభమైన హేవలాక్ వంతెన, కలకత్తాలో 1943లో ప్రారంభమైన హౌరా వంతెన ఆ కాలపు రివెట్టు నిర్మాణాలే. రివెట్టు పనికి కాల్చేవారు, అందించేవారు, పట్టేవారు, కొట్టేవారు కలసి జట్టుగా పనిచేయవలసి వచ్చేది. శబ్దం, అగ్ని ప్రమాద భయం కూడా ఎక్కువ.

దృఢమైన ఉక్కుతో చేసిన బోల్టులను గట్టిగా బిగిస్తే పలకలు జారకుండా నిలుస్తాయని 1934లో బ్రిటన్‌లో బాతో, బేట్‌మన్ అనే పరిశోధకులు తెలిపారు. 1938లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో విల్సన్, థామస్ చేసిన పరీక్షలు ఇలాంటి బోల్టులు పదే పదే మారే భారాలకు రివెట్లకు తీసిపోవని చూపాయి. 1947లో అమెరికాలో ఈ అతుకుల పరిశోధనకై ఒక మండలి ఏర్పడింది. 1951లో ఆ మండలి తొలి నిబంధనలను వెలువరించింది. ఆ తరువాత కొద్ది దశాబ్దాలలో కొత్త నిర్మాణాలలో రివెట్టు స్థానాన్ని బోల్టు ఆక్రమించింది.

బోల్టుల రకాలు

బోల్టు తలపై 4.6, 8.8, 10.9 వంటి అంకెలు ముద్రించి ఉంటాయి. వీటిని శ్రేణులు అంటారు. మొదటి అంకెను 100తో గుణిస్తే బోల్టు గరిష్ఠ తన్యతా దృఢత్వం మెగాపాస్కళ్ళలో వస్తుంది. ఒక మెగాపాస్కల్ అంటే చదరపు మిల్లీమీటరుకు ఒక న్యూటను. చుక్క తరువాతి అంకె, ఆ దృఢత్వంలో ఎన్ని పదోవంతుల వద్ద ఉక్కు శాశ్వతంగా సాగడం మొదలుపెడుతుందో తెలుపుతుంది. ఉదాహరణకు 4.6 శ్రేణి బోల్టు గరిష్ఠ దృఢత్వం 400 మెగాపాస్కళ్ళు. అది సాగడం ప్రారంభించేది 240 వద్ద.

బోల్టు కొలతను దాని వ్యాసంతో చెబుతారు. 20 మి.మీ. వ్యాసం గల బోల్టును ఎం20 అంటారు. నునుపైన కాండం వద్ద దీని వైశాల్యం సుమారు 314 చ.మి.మీ. కాగా, మరలు కోసిన చోట పనికి వచ్చే వైశాల్యం 245 చ.మి.మీ. మాత్రమే. కోత తలం మరల గుండా పోతుందా, కాండం గుండా పోతుందా అన్నది ముందుగా తెలియనపుడు చిన్న వైశాల్యాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

బోల్టు సులభంగా దూరడానికి రంధ్రాన్ని కొంచెం పెద్దదిగా చేస్తారు. 16 నుండి 24 మి.మీ. వరకు గల బోల్టులకు మామూలు రంధ్రం 2 మి.మీ. పెద్దది. అనగా ఎం20 బోల్టుకు 22 మి.మీ. రంధ్రం కావాలి.

బలం అందించే విధానాలు

బోల్టు అతుకులు మూడు విధాలుగా బలాన్ని అందిస్తాయి.

- బేరింగ్ అతుకు: భారం పడగానే పలకలు కొద్దిగా జారి, రంధ్రపు గోడ బోల్టు కాండానికి ఆనుకుంటుంది. ఒక పలక బోల్టును ఒకవైపుకు, మరొక పలక రెండవవైపుకు నెడతాయి. ఫలితంగా బోల్టు కత్తెరలో చిక్కినట్లు కోతకు గురి అవుతుంది. దీనినే షియర్ అంటారు.
- ఘర్షణ అతుకు: అధిక దృఢత్వం గల బోల్టును బాగా బిగించి పలకలను ఒకదానికొకటి గట్టిగా నొక్కిపెడతారు. పలకల మధ్య ఘర్షణే బలాన్ని అందిస్తుంది. పలకలు జారవు.
- తన్యతా అతుకు: బోల్టు తన నిడివి దిశలో లాగబడుతుంది. పైకప్పునుండి ఏదైనా వ్రేలాడదీసినపుడు, దూలపు కొన పలకను స్తంభానికి బిగించినపుడు ఇలా జరుగుతుంది.

అదురు, కంపనం, దిశ మారుతూ ఉండే భారాలు ఉన్నచోట బేరింగ్ అతుకు తగదు. వంతెనలు, క్రేన్ దూలాలు వంటి వాటికి ఘర్షణ అతుకులు వాడతారు.

విఫలమయ్యే తీరులు

అతుకు డిజైను అంటే బలం నడిచే దారిని మొదటినుండి చివరిదాకా వెదకి, ఆ దారిలో ఏ చోటు ముందుగా తెగుతుందో చూడడమే. బోల్టు ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న ఉక్కు కూడా విఫలం కావచ్చు. సరిచూడవలసిన తీరులు ఇవి:

1. బోల్టు కోతకు గురై తెగడం.
2. బోల్టు ఒత్తిడికి పలకలోని రంధ్రం నలిగి సాగడం. దీనిని బేరింగ్ వైఫల్యం అంటారు.
3. రంధ్రం అంచుకు మరీ దగ్గరగా ఉంటే ఆ చివరి ముక్క చీలిపోవడం.
4. రంధ్రాల వరుస వద్ద పలక అడ్డంగా తెగడం. రంధ్రాలు పోగా మిగిలిన ఈ వైశాల్యాన్ని నికర వైశాల్యం అంటారు.
5. బోల్టుల గుంపు చుట్టూ ఉన్న పలక ముక్క మొత్తం ఊడిరావడం. కొన్ని తలాలలో కోత, ఒక తలంలో తన్యత కలసి ఇది జరుగుతుంది. దీనిని బ్లాక్ షియర్ అంటారు.
6. లాగుడు వలన బోల్టు తెగడం. పలుచని పలక వంగితే దాని అంచు మీటలాగ పనిచేసి బోల్టుపై అదనపు లాగుడు కలిగిస్తుంది. దీనిని ప్రయింగ్ బలం అంటారు.

వీటిలో అన్నిటికంటే తక్కువ వచ్చిన సామర్థ్యమే అతుకు సామర్థ్యం.

లెక్కించే పద్ధతి

భారతదేశంలో ఉక్కు కట్టడాల డిజైనుకు ఆధారమైన ప్రమాణం ఐ.ఎస్. 800. దీని మూడవ సవరణ 2007లో వెలువడి, పరిమిత స్థితుల పద్ధతిని ప్రవేశపెట్టింది. ఇందులో వాడుక భారాలను గుణకాలతో పెంచి, పదార్థ దృఢత్వాన్ని గుణకాలతో తగ్గించి రెండింటిని పోలుస్తారు. బోల్టుకు వాడే తగ్గింపు గుణకం 1.25. ఉక్కు సాగడానికి సంబంధించిన గుణకం 1.10 మాత్రమే. దిగువ సూత్రాలు 2007 ప్రతిలోనివి.

కోత: ఒక కోత తలం మరల గుండా పోయినపుడు,
డిజైను సామర్థ్యం = బోల్టు గరిష్ఠ దృఢత్వం × మరల వద్ద వైశాల్యం ÷ (√3 × 1.25)

రెండు వైపుల పలకలు ఉండి బోల్టు రెండు తలాలలో కోతకు గురైతే సామర్థ్యం రెట్టింపు అవుతుంది.

బేరింగ్:
డిజైను సామర్థ్యం = 2.5 × బేరింగ్ గుణకం × బోల్టు వ్యాసం × పలక మందం × పలక గరిష్ఠ దృఢత్వం ÷ 1.25

ఇందులోని బేరింగ్ గుణకం క్రింది నాలుగింటిలో కనిష్ఠమైనది:

- చివరి దూరం ÷ (3 × రంధ్రపు వ్యాసం)
- పిచ్ ÷ (3 × రంధ్రపు వ్యాసం) నుండి 0.25 తీసివేయగా వచ్చినది
- బోల్టు గరిష్ఠ దృఢత్వం ÷ పలక గరిష్ఠ దృఢత్వం
- 1.0

బలం దిశలో పక్క పక్క బోల్టుల కేంద్రాల మధ్య దూరాన్ని పిచ్ అంటారు. కోత, తన్యత రెండూ కలసి ఉన్న బోల్టులో ఒక్కొక్క బలాన్ని దాని సామర్థ్యంతో భాగించి, వర్గం చేసి కూడితే వచ్చే మొత్తం 1కి మించరాదు.

బోల్టుల వరుస పొడవు బోల్టు వ్యాసానికి 15 రెట్లు మించితే సామర్థ్యాన్ని తగ్గించాలి. పొడవైన వరుసలో అన్ని బోల్టులు సమానంగా బలం పంచుకోకపోవడమే ఇందుకు కారణం. కొనలలోని బోల్టులు ఎక్కువ, మధ్యవి తక్కువ మోస్తాయి.

దూరాల నియమాలు

- పిచ్ బోల్టు వ్యాసానికి 2.5 రెట్లకు తగ్గరాదు. అంతకన్నా దగ్గరైతే పానా తిప్పడానికి చోటు చాలదు, రంధ్రాల మధ్య ఉక్కు బలహీనమవుతుంది.
- రంధ్ర కేంద్రం నుండి అంచుకు దూరం, యంత్రంతో కోసిన అంచులకు రంధ్రపు వ్యాసానికి 1.5 రెట్లు, కత్తిరించిన లేదా చేతి మంటతో కోసిన అంచులకు 1.7 రెట్లు ఉండాలి.
- పిచ్ పలుచని పలక మందానికి 32 రెట్లు లేదా 300 మి.మీ., వీటిలో తక్కువ దానిని మించరాదు. మించితే పలకల మధ్య సందు ఏర్పడి నీరు చేరి తుప్పు పడుతుంది.

ఉదాహరణ

10 మి.మీ. మందం, 140 మి.మీ. వెడల్పు గల రెండు పలకలను ఒకదానిపై ఒకటి ఉంచి కలపాలి. గుణకంతో పెంచిన లాగుడు బలం 200 కిలోన్యూటన్లు. పలక గరిష్ఠ దృఢత్వం 410, సాగే ప్రతిబలం 250 మెగాపాస్కళ్ళు. బోల్టులు ఎం20, శ్రేణి 4.6. చివరి దూరం, అంచు దూరం 40 మి.మీ., పిచ్ 60 మి.మీ. అనుకుందాం.

- ఒక బోల్టు కోత సామర్థ్యం: 400 × 245 ÷ (√3 × 1.25) = 45,260 న్యూటన్లు, అనగా 45.3 కిలోన్యూటన్లు.
- బేరింగ్ గుణకం: 40 ÷ 66 = 0.606, 60 ÷ 66 – 0.25 = 0.659; 400 ÷ 410 = 0.976, 1.0. వీటిలో కనిష్ఠం 0.606.
- బేరింగ్ సామర్థ్యం: 2.5 × 0.606 × 20 × 10 × 410 ÷ 1.25 = సుమారు 99.4 కిలోన్యూటన్లు.
- కావలసిన బోల్టులు: రెండింటిలో కోత సామర్థ్యమే తక్కువ. 200 ÷ 45.3 = 4.4. కనుక కనీసం 5 బోల్టులు కావాలి. రెండు వరుసలలో సమానంగా అమరడానికి 6 తీసుకుంటాము. మొత్తం సామర్థ్యం సుమారు 271 కిలోన్యూటన్లు.
- నికర వైశాల్యం: (140 – 2 × 22) × 10 = 960 చ.మి.మీ. సామర్థ్యం 0.9 × 960 × 410 ÷ 1.25 = 283 కిలోన్యూటన్లు.
- బ్లాక్ షియర్: ప్రమాణంలోని రెండు సూత్రాలతో 532, 494 కిలోన్యూటన్లు వస్తాయి. తక్కువదైన 494 తీసుకోవాలి.

అన్ని సామర్థ్యాలు 200 కంటే ఎక్కువ కనుక అతుకు సురక్షితం. బోల్టులు బలహీనమని శ్రేణి 8.8 వాడితే కోత సామర్థ్యం రెట్టింపవుతుంది, కాని పలక నికర వైశాల్యం అలాగే ఉంటుంది. ఒక చోట బలం పెంచినపుడు బలహీనత మరొక చోటికి మారుతుందని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

కేంద్రం తప్పిన భారం

భారం బోల్టుల గుంపు కేంద్రం గుండా పోకపోతే, గుంపు తిరగడానికి ప్రయత్నిస్తుంది. స్తంభానికి బిగించిన బ్రాకెట్టు ఇందుకు ఉదాహరణ. 100 మి.మీ. భుజం గల చతురస్రపు మూలలలో నాలుగు బోల్టులు ఉండి, కేంద్రానికి 150 మి.మీ. దూరంలో 60 కిలోన్యూటన్ల భారం క్రిందికి పనిచేస్తున్నదనుకుందాం.

భారాన్ని నాలుగుతో భాగిస్తే ఒక్కొక్క బోల్టుకు 15 కిలోన్యూటన్లు వస్తాయి. కాని తిప్పే బలం 60 × 150 = 9,000 కిలోన్యూటన్ మిల్లీమీటర్లు. కేంద్రం నుండి ప్రతి బోల్టు దూరం 70.7 మి.మీ.; ఆ దూరాల వర్గాల మొత్తం 20,000. కనుక తిప్పడం వలన ఒక్కొక్క బోల్టుపై 9,000 × 70.7 ÷ 20,000 = 31.8 కిలోన్యూటన్లు పడతాయి. దిశలను గమనించి రెండింటిని కలిపితే భారం వైపున్న బోల్టులపై 43.7 కిలోన్యూటన్లు వస్తాయి. ఇది 15కు దాదాపు మూడు రెట్లు. భారాన్ని బోల్టుల సంఖ్యతో భాగించి ఊరుకోవడం ఎంత ప్రమాదకరమో దీనివలన తెలుస్తుంది.

ఘర్షణ అతుకులు

ఘర్షణ అతుకులో ఒక బోల్టు జారకుండా ఆపగల బలం = ఘర్షణ గుణకం × తాకే తలాల సంఖ్య × బోల్టులోని బిగింపు బలం ÷ 1.25. ఇది గరిష్ఠ భారం వద్ద కూడా జారరాదన్నపుడు వాడే గుణకం. వాడుక భారం వద్ద మాత్రమే జారకుండా చూడాలంటే 1.10 వాడతారు. రంధ్రం మామూలు కొలతకంటే పెద్దదైతే సామర్థ్యం తగ్గుతుంది.

బిగింపు బలాన్ని బోల్టు గరిష్ఠ దృఢత్వంలో 0.7 వంతుగా తీసుకుంటారు. ఎం20, శ్రేణి 8.8 బోల్టుకు ఇది 0.7 × 800 × 245 = 137 కిలోన్యూటన్లు. ఏ శుద్ధీ చేయని తలాలకు ఘర్షణ గుణకం 0.20. ఉక్కు గుండ్లు చిమ్మి శుభ్రపరచిన తలాలకు 0.50. పై ఉదాహరణలోని 200 కిలోన్యూటన్లకు మొదటి సందర్భంలో 10 బోల్టులు, రెండవ సందర్భంలో 4 బోల్టులు కావాలి. బోల్టు అదే, పలక అదే. తేడా అంతా తలం శుద్ధిలోనే ఉంది. అందువలన తాకే తలాలపై డిజైనులో చెప్పని రంగు పూయరాదు, నూనె, మట్టి అంటనీయరాదు.

బిగించడం, తనిఖీ

బేరింగ్ అతుకులోని బోల్టులను ఒక మనిషి మామూలు పానాతో పూర్తి బలంతో తిప్పినంత బిగువు సరిపోతుంది. ఘర్షణ అతుకుకు ఇది చాలదు. ముందుగా అన్ని బోల్టులను ఇలా బిగించి, పలకలు ఒకదానికొకటి ఆనాయని చూసుకొని, నట్టుపై గుర్తు పెట్టి, మరికొంత తిప్పుతారు. అమెరికా నిబంధనల ప్రకారం వ్యాసానికి నాలుగు నుండి ఎనిమిది రెట్ల పొడవు గల బోల్టుకు ఇది అర చుట్టు. టార్కు పానాలు, బిగువును చూపే ప్రత్యేక వాషర్లు కూడా వాడుకలో ఉన్నాయి. బిగించడం గుంపు మధ్యనుండి మొదలుపెట్టి అంచులవైపు సాగాలి. లేకపోతే తరువాతి బోల్టులు బిగించినపుడు ముందువి వదులవుతాయి.

గుణపాఠాలు

అమెరికాలోని కాన్సాస్ సిటీలో 1981 జులై 17న హయత్ రీజెన్సీ హోటలులో రెండు వ్రేలాడే నడవలు కూలి 114 మంది మరణించారు. తొలి డిజైనులో రెండవ, నాల్గవ అంతస్తుల నడవలు రెండూ పైకప్పునుండి దిగే ఒకే పొడవాటి కడ్డీలకు నట్టులతో వ్రేలాడాలి. నిర్మాణ సౌలభ్యం కోసం ఒక్కొక్క కడ్డీని రెండుగా మార్చారు. దానితో క్రింది నడవ పై నడవ దూలానికి వ్రేలాడింది. పై దూలం క్రింది నట్టుపై బలం రెట్టింపయ్యింది. ఒక తాడును ఇద్దరు పట్టుకొని వ్రేలాడడానికి, ఒకరి కాళ్ళను మరొకరు పట్టుకొని వ్రేలాడడానికి ఉన్న తేడాయే ఇది. తొలి డిజైను కూడా స్థానిక నిబంధనలు కోరిన బలంలో 60 శాతమే కలిగి ఉందని దర్యాప్తులో తేలింది. మార్పును చూసి ఆమోదించినవారు ఆ అతుకును మళ్ళీ లెక్కించలేదు.

2007 ఆగస్టు 1న మినియాపొలిస్ నగరంలో ఐ-35 డబ్ల్యూ వంతెన కూలి 13 మంది మరణించారు. ట్రస్సు కడ్డీలను కలిపే గసెట్ పలకలు కొన్ని కావలసిన మందంలో సగమే ఉన్నాయని దర్యాప్తు తేల్చింది. వంతెన 1967లో ప్రారంభమైంది; నలభై ఏళ్ళు ఆ లోపం ఎవరి దృష్టికీ రాలేదు. ఈ వంతెనలో వాడినవి రివెట్లే అయినా, కలిపే పలకను కూడా కడ్డీతో సమానంగా లెక్కించాలనే గుణపాఠం బోల్టు అతుకులకూ వర్తిస్తుంది.

ఈ రెండు ప్రమాదాలలోను లోపం కష్టమైన గణితంలో లేదు. బలం ఏ నట్టుమీదికి, ఏ పలకలోకి పోతున్నదని ఎవరో ఒకరు అడిగి ఉంటే సులభమైన లెక్కతోనే అవి బయటపడేవి. అందువలన కర్మాగారంలో గాని, నిర్మాణ స్థలంలో గాని అతుకులో చేసే ప్రతి మార్పును, అది ఎంత చిన్నదైనా, డిజైను ఇంజనీరు మళ్ళీ మొదటినుండి సరిచూడాలి.

ఇవి కూడా చూడండి

- రివెట్టు
- వెల్డింగు
- ట్రస్సు
- హౌరా వంతెన